నంబరు కంటే ముందు నిలబడే చోటు: 50 ఎంఎం లెన్స్, ఎపర్చర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆమదాలవలసలో ఉంటావు. సెకండ్ హ్యాండ్‌లో ఒక నికాన్ కెమెరా కొన్నావు, దాంతో 18-55 కిట్ లెన్స్ వచ్చింది. వెనక బ్లర్ బాగా వస్తుందని ఎవరో చెబితే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కూడా తీసుకున్నావు. అప్పటినుంచి అన్నీ 1.8లోనే తీస్తున్నావు. మీ మామ్మగారి ఫోటోలో ముక్కు కొస స్పష్టంగా వచ్చి కళ్లు మసకగా ఉన్నాయి. చెల్లి ఓణీల ఫంక్షన్‌లో తీసిన గ్రూపు ఫోటోలో ముందు కూర్చున్నవాళ్లు బాగా వచ్చారు, వెనక నిలబడ్డవాళ్లు పోయారు. లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పడి షాపులో చూపిస్తే ఏ లోపమూ లేదన్నారు. ఇప్పుడు ఏ ఫోటోకి ఏ ఎఫ్ నంబరు (లెన్స్ లోపలి రంధ్రం, అంటే ఎపర్చర్, ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) పెట్టాలో వరసగా రాసిమ్మంటున్నావు.

అలా రాసిస్తే నీకు మేలు జరగదు. నేను విజయనగరంలో ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లు, ఫంక్షన్లు తీస్తున్నాను. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లలో ఎక్కువమంది నీలాగే నంబరుతో మొదలుపెట్టారు. నంబరు మూడో సంగతి. మొదటిది నువ్వు ఎంత దూరంలో, ఏ పక్కన నిలబడ్డావన్నది. రెండోది నువ్వు తీస్తున్న మనిషికి వెనక ఏముంది, ఎంత దూరంలో ఉందన్నది. ఈ రెండూ చూసుకున్నాక నంబరు దానంతట అదే తేలుతుంది.

ముందు మామ్మగారి ఫోటో సంగతి చూద్దాం. నువ్వు మీటరు దూరంలో నిలబడి తీశానన్నావు. నీ క్రాప్ సెన్సర్ కెమెరాలో (అంటే ఫోటో పడే చిప్ ఫిల్ము కంటే చిన్నది) 50 ఎంఎం లెన్స్‌తో, ఎఫ్ 1.8లో, మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు (డెప్త్ ఆఫ్ ఫీల్డ్) మొత్తం కలిపి సుమారు 3 సెంటీమీటర్లు. ఫోకస్ పెట్టిన చోటుకి ముందు ఒకటిన్నర, వెనక ఒకటిన్నర. నీ చూపుడు వేలు ముక్కు కొసన పెట్టి, అక్కడినుంచి కన్ను ఎంత వెనక్కి ఉందో అద్దంలో పక్కనుంచి చూసుకో. కెమెరా ముక్కు మీద ఫోకస్ పట్టుకుంది, కళ్లు ఆ ఒకటిన్నర సెంటీమీటరు దాటి వెనక ఉండిపోయాయి. లెన్స్ చేయాల్సిన పని సరిగ్గా చేసింది. ఇంకో సంగతి, షట్టర్ సగం నొక్కి ఫోకస్ పట్టుకున్నాక నువ్వు ఊపిరి తీసుకుంటావు, ఆవిడ కాస్త కదులుతారు. ఆ కదలిక ఒక్కటే రెండు సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఫోకస్ కంటిమీదే పట్టుకున్నా, క్లిక్ అయ్యేసరికి కన్ను అక్కడ ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఇప్పుడు అదే 1.8 పెట్టి రెండు మీటర్లకి జరుగు. లోతు 3 సెంటీమీటర్ల నుంచి 11, 12 సెంటీమీటర్లకి పెరుగుతుంది. మూడు మీటర్లకి వెళ్తే 26 దాకా వస్తుంది. దూరం రెట్టింపైతే లోతు నాలుగింతలు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. నంబరు అలా కాదు. ఎఫ్ నంబరు రెట్టింపు చేస్తే లోతు కూడా సుమారుగా రెట్టింపే అవుతుంది. మీటరు దగ్గరే ఉండి ఆ నాలుగింతలు నంబరుతో తెచ్చుకోవాలంటే 1.8 నుంచి 7.1 దాకా వెళ్లాలి, అప్పుడు లెన్స్‌లోకి వచ్చే వెలుతురు పదహారో వంతుకి పడిపోతుంది. వెనక్కి జరిగితే వెలుతురు ఏమీ తగ్గదు. సాయంత్రం పూట ఇంట్లో తీసేటప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో నీకే తెలుస్తుంది.

వెనక్కి జరిగితే మనిషి చిన్నగా పడతారు కదా అంటావు. నిజమే. వెనక్కి జరిగి, ఎక్కువ ఎంఎం ఉన్న లెన్స్ వేసి ముఖాన్ని మళ్లీ అంతే సైజుకి తెచ్చుకుంటే లోతు కూడా దాదాపు మళ్లీ అంతే అవుతుంది. కాబట్టి ఒక మాట మనసులో పెట్టుకో: ఫ్రేమ్‌లో ముఖం ఎంత పెద్దదిగా ఉంది, ఎఫ్ నంబరు ఎంత, లోతుని ప్రధానంగా నిర్ణయించేవి ఈ రెండే. ముఖం ఫ్రేమంతా నింపితే ఏ లెన్స్ అయినా లోతు పలచబడుతుంది, అప్పుడు నంబరు పెంచాలి. నడుము దాకా తీస్తున్నావంటే 2.8 కూడా హాయిగా సరిపోతుంది. మనిషి నిలువెత్తు వచ్చేలా తీస్తున్నావంటే 1.8 కూడా భయం లేకుండా వాడుకోవచ్చు.

అసలు ఆ నంబరు ఏమిటో ఒకసారి కళ్లారా చూడు, తర్వాత ఎవరూ చెప్పక్కర్లేదు. కెమెరా ఎం (మాన్యువల్) మోడ్‌లో పెట్టు. షట్టర్ తెరిచి ఉండే సమయం 2 సెకన్లు, ఎపర్చర్ ఎఫ్ 16. లెన్స్ ముందు భాగాన్ని నీ వైపు తిప్పుకుని, కిటికీ వెలుతురు లెన్స్ మీద పడేలా పట్టుకుని నొక్కు. లోపల రేకులు చటుక్కున దగ్గరికొచ్చి చిన్న రంధ్రం మిగులుతుంది, రెండు సెకన్లయ్యాక మళ్లీ విచ్చుకుంటాయి. తర్వాత ఎఫ్ 4లో చూడు, అంతగా ముడుచుకోవు. 1.8లో అసలు కదలవు. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ని ఎఫ్ నంబరుతో భాగిస్తే వచ్చేది ఆ రంధ్రం వెడల్పు. 50ని 1.8తో భాగిస్తే సుమారు 28 మిల్లీమీటర్లు, పెద్ద రూపాయి బిళ్లంత. 50ని 8తో భాగిస్తే 6 మిల్లీమీటర్ల పైచిలుకు, శనగగింజంత. నంబరు పెరిగితే రంధ్రం ఎందుకు చిన్నదవుతుందని అందరూ తికమకపడతారు. అది భాగహారంలో కింద ఉండే అంకె అని తెలిస్తే ఆ తికమక పోతుంది.

1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అనే వరస కూడా బట్టీ పట్టాల్సిన పని లేదు. 1, 1.4 గుర్తుంటే చాలు, ఆ తర్వాత ఒకటి విడిచి ఒకటి రెట్టింపవుతూ పోతాయి. 1, 2, 4, 8, 16 ఒక వరస. 1.4, 2.8, 5.6, 11, 22 ఇంకో వరస. ఒక్కో మెట్టుకీ వెలుతురు సగమవుతుంది.

రంధ్రం చిన్నదైతే లోతు ఎందుకు పెరుగుతుంది? శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిన పెద్దవాళ్లని గమనించు. దూరంగా ఆగిన బస్సు పలాసదా, పాతపట్నందా అని బోర్డు చదవడానికి కళ్లు చికిలించి చూస్తారు. చికిలిస్తే నిజంగానే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. రెప్పలు దగ్గరికి వచ్చి కంటిలోకి వెలుతురు వచ్చే దారి సన్నబడుతుంది. లెన్స్‌లోని రేకులు చేసేదీ అదే. ఒక దీపం వత్తి కొసనుంచి బయల్దేరిన వెలుతురు లెన్స్ వెడల్పు మొత్తం గుండా లోపలికొచ్చి, సెన్సర్ మీద మళ్లీ ఒక చుక్కగా కలవాలి. దీపం ఫోకస్ పెట్టిన దూరంలో ఉంటే చుక్కగానే కలుస్తుంది. ముందుకో వెనక్కో ఉంటే చుక్క కాస్తా బిళ్ల అవుతుంది. రంధ్రం వెడల్పుగా ఉంటే బిళ్ల పెద్దది, సన్నగా ఉంటే చిన్నది. దీపావళి ఫోటోల్లో వెనక గుండ్రంగా మెరిసేవి ఆ బిళ్లలే.

దీంట్లోనే నీకు చాలా పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. కచ్చితంగా ఫోకస్‌లో ఉండేది ఒక్క పొర మాత్రమే, కాగితమంత పలచటిది. దానికి ముందూ వెనకా బిళ్లలు మన కంటికి చుక్కల్లాగే కనిపించేంత చిన్నగా ఉన్న మేర అంతటినీ మనం డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటున్నాం. గోడ కట్టినట్టు ఇక్కడిదాకా షార్ప్, ఇక్కడినుంచి బ్లర్ అని ఏమీ ఉండదు. అందుకే కెమెరా వెనక ఉండే చిన్న స్క్రీన్ మీద బాగున్న ఫోటో, ప్రింట్ వేశాక బాగోదు. పైన నేను చెప్పిన సెంటీమీటర్లు కూడా మామూలు సైజు ప్రింటుని మామూలు దూరం నుంచి చూసినప్పటి లెక్కలు. పెద్ద ఆల్బం షీటు వేయిస్తే ఆ లోతు ఇంకా తగ్గినట్టే అనుకోవాలి.

నాకు ఇది ఒక పెళ్లిలో తెలిసొచ్చింది. బొబ్బిలి వైపు ఒక ఊళ్లో, కల్యాణ మండపంలో ట్యూబ్‌లైట్ల వెలుతురు తప్ప ఏమీ లేదు. ఫ్లాష్ బ్యాటరీలు అప్పటికే అయిపోయాయి. మూడు వరసల గ్రూపు. షట్టర్ స్పీడు మరీ తగ్గిపోతోందని ఎఫ్ 2.8 పెట్టి ముందు వరసలో పెళ్లికూతురి మీద ఫోకస్ పట్టాను. స్క్రీన్ మీద చూసుకుంటే అందరూ బాగున్నారు, తృప్తిగా తర్వాత గ్రూపుకి వెళ్లిపోయాను. ఆల్బంలో ఆ ఫోటోని రెండు పేజీలకి పరిచి ప్రింట్ వేయించాం. ఇంటికి తీసుకెళ్లి ఇస్తే, మూడో వరసలో నిలబడ్డ పెళ్లికూతురి తాతగారు దాన్ని దగ్గరికి తీసుకుని చూసి, "ఏటి బాబూ, నా మొగం ఇలాగైపోనాదేటి?" అన్నారు. కోపంగా అనలేదు, అడిగారంతే. ఆ పూట ఆయన్ని వేరేగా ఒక్క ఫోటో కూడా తీయలేదు నేను. ఇప్పటికీ గ్రూపు ఫోటోకి నిలబడితే ముందు వెనక వరసనే చూస్తాను.

కాబట్టి గ్రూపుల గురించి గట్టిగా చెబుతున్నాను. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకి ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) పెంచితే వచ్చే గరుకుని జనం క్షమిస్తారు, ముఖం మసకైతే క్షమించరు. ఐఎస్ఓ 1600, 3200 పెట్టు, ఫర్వాలేదు, ఎఫ్ 5.6కి మాత్రం తగ్గకు. నీ కిట్ లెన్స్‌నే 35 దగ్గర పెట్టి, 4 మీటర్ల దూరంలో నిలబడి, 5.6లో తీస్తే సుమారు 3 మీటర్ల నుంచి 6 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. మూడు వరసలకి అది సరిపోతుంది. అన్నిటికంటే ముందు చేయాల్సిన పని, వరసల్ని దగ్గరికి జరపడం. మన ఫంక్షన్లలో ముందు కుర్చీలు వేసి, వాటి వెనక ఒక అడుగు ఖాళీ వదిలి నిలబడతారు. "కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడండమ్మా" అను, వాళ్లే ముందుకి వస్తారు. ఆ మాటతో వచ్చే అడుగు, ఎఫ్ నంబరు ఒక మెట్టు పెంచినంత పని చేస్తుంది. షట్టర్ స్పీడు 1/100 సెకనుకి తగ్గనివ్వకు, పిల్లలు కదులుతూనే ఉంటారు.

ఫోకస్ పెట్టిన చోటుకి ముందు మూడో వంతు, వెనక రెండు వంతులు స్పష్టంగా వస్తాయని చాలామంది చెబుతారు. అన్ని దూరాలకీ అది నిజం కాదు. మీటరు, రెండు మీటర్ల దగ్గర ముందూ వెనకా దాదాపు సమానం. దూరం పెరిగేకొద్దీ వెనక వైపు భాగం పెరుగుతూ పోతుంది. రెండు వరసల గ్రూపు 4 మీటర్ల దూరంలో ఉంటే ముందు వరసవాళ్ల కళ్ల మీద ఫోకస్ పెట్టు, వెనక వరసకి చాలినంత ఉంటుంది. మూడు వరసలైతే మధ్య వరస మీద పెట్టు.

ఇప్పుడు ఏ పక్కన నిలబడాలన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు కానీ నాకు ఎపర్చర్ గురించి అందరికంటే ఎక్కువ నేర్పింది పొందూరు. నీకు దగ్గరే, ఒకసారి తప్పకుండా వెళ్లు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని వినే ఉంటావు. చేతిలో పట్టుకునేంత దవడ, దానికి సూదుల్లాంటి సన్నటి పళ్ల వరస. ఆ దవడతో పత్తిని దువ్వుతుంటే గింజకి అంటిన పోచలు ఒకే వైపుకి సర్దుకుంటాయి. ఆ తర్వాత ఏకులు (వడకడానికి చుట్టిన పత్తి వత్తులు) చేసి, ఒకే కదురు ఉన్న రాట్నం మీద వడుకుతారు. ఎడమ చేతిలో ఏకు, కుడి చేత్తో రాట్నం తిప్పుతుంటే కదురు నుంచి పోగు సాగుతూ వస్తుంది. ఆ పోగు వెలుతురు పడితే తప్ప కనపడదు, అంత సన్నం.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని తీశాను. వడుకుతున్న పెద్దావిడ ముఖం, ఆవిడ వేళ్లు, పోగు అన్నీ ఒకే ఫోటోలో కావాలని. 50 ఎంఎం, మీటరున్నర దూరం. ఎఫ్ 2 పెడితే లోతు 7 సెంటీమీటర్లు. వేళ్లు ముఖం కంటే మూరెడు ముందున్నాయి. ముఖం మీద పెడితే పోగు మాయం, పోగు మీద పెడితే ముఖం మాయం. ఎఫ్ 8 పెట్టాను. లోతు సుమారు 29 సెంటీమీటర్లే అయింది, అప్పటికీ చాల్లేదు, పైగా ఆ గదిలో వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ పడిపోయి చేయి ఊగింది. ఇంకో పదిహేను ఫోటోలు అలాగే పాడయ్యాయి. విసుగొచ్చి లేచి పక్కకి వెళ్లి నిలబడ్డాను. పక్కనుంచి చూస్తే ఆవిడ ముఖం, చెయ్యి, పోగు, కదురు అన్నీ నాకు ఒకే దూరంలో ఉన్నాయి. అన్నీ ఒకే పొర మీదికి వచ్చేశాయి. అప్పుడు ఎఫ్ 2.8 చాలింది. పోగు మొదలు నుంచి చివరిదాకా తెల్లటి గీతలా వచ్చింది, వెనకున్న కిటికీ, గోడమీద క్యాలెండరు మెత్తగా కరిగిపోయాయి. నంబరుతో అరగంట కుస్తీ పడి రాని ఫోటో, లేచి నాలుగడుగులు వేస్తే వచ్చింది.

ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుంటే అన్ని చోట్లా పనికొస్తుంది. నీకు స్పష్టంగా కావాల్సినవన్నీ సెన్సర్‌కి సమాంతరంగా ఒకే పొర మీద ఉండేలా నువ్వు జరగగలవా అని ముందు చూడు. బొబ్బిలి వీణ తీసేటప్పుడు కొస వైపు నుంచి తీస్తే యాళి (సింహం లాంటి బొమ్మ) ముఖం తప్ప మిగతాదంతా కరిగిపోతుంది, అది కావాలంటే అలాగే తియ్యి, చాలా అందంగా ఉంటుంది. మెట్లన్నీ కావాలంటే మాత్రం వీణకి ఎదురుగా, అడ్డంగా నిలబడాలి. ఇద్దరు అక్కచెల్లెళ్లని తీసేటప్పుడు ఒకరు అరడుగు వెనక ఉంటే, నంబరు మార్చే ముందు వాళ్లని పక్కపక్కకి జరుపు.

మా గురువుగారి స్టూడియోలో ఫిల్ము రోజుల్లో నేర్చుకున్నప్పుడు లెన్స్ మీదే ఈ లెక్క చెక్కి ఉండేది. ఫోకస్ గీతకి అటూ ఇటూ 4, 8, 11, 16 అని గీతలు. ఏ నంబరు పెడితే ఎక్కడినుంచి ఎక్కడిదాకా వస్తుందో బొటనవేలు పెట్టి చూసుకునేవాళ్లం. ఇప్పటి మామూలు లెన్సుల మీద అది దాదాపుగా తీసేశారు, నీ కిట్ లెన్స్ మీద అసలు దూరమే రాసి ఉండదు. ఫోన్లో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ కాలిక్యులేటర్ ఏదైనా వేసుకో, కానీ ఫోటో తీసేటప్పుడు దాన్ని తెరవకు. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు దూరాలు, నాలుగు నంబర్లు మార్చి చూసి మనసుకి పట్టించుకో.

ఊళ్లు, కోటలు, సముద్రం తీసేటప్పుడు లెక్క పూర్తిగా మారిపోతుంది. కళింగపట్నం లైట్‌హౌస్ అనుకో, విజయనగరం కోట సింహద్వారం అనుకో, శాలిహుండం కొండమీద స్తూపాలు అనుకో. కిట్ లెన్స్ 18 దగ్గర పెట్టు, ఎఫ్ 8 పెట్టు, నీకు 2 మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా ఫోకస్ పెట్టు. మీటరు దూరం నుంచి ఆకాశం దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ముందు ఇసుకలో తాటిదుంగో, తెప్పో, వలకుప్పో పెట్టుకుని వెనక లైట్‌హౌస్ తీయడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. ఇంకా ఎక్కువ షార్ప్ వస్తుందని ఎఫ్ 22కి వెళ్లకు. రంధ్రం మరీ సన్నబడితే వెలుతురు దాని అంచుల దగ్గర చెదిరి ఫోటో మొత్తం మెత్తబడుతుంది. నీ కెమెరాలో ఎఫ్ 11 దాటితే అది మొదలవుతుంది. పైగా 16, 22లో సెన్సర్ మీద ఉన్న దుమ్ము మచ్చలన్నీ ఆకాశంలో నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. సముద్రం ఒడ్డున లెన్స్ మార్చకు, ఆ ఇసుక ఒకసారి లోపలికి వెళ్తే వదలదు.

దూరంగా ఉన్నవాటికి ఎపర్చర్ గురించి ఇంత ఆలోచన కూడా అనవసరం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం జరుగుతుంది కదా, నేను ఏటా తీస్తాను. పూజారి గారు సిరిమాను (పొడవాటి చెట్టు మాను) కొసన కూర్చుని గాల్లో ఉంటారు, మనం ఏదో మేడమీద నలభై మీటర్ల దూరంలో ఉంటాం. 200 ఎంఎం లెన్స్‌తో ఎఫ్ 5.6లో కూడా అక్కడ లోతు తొమ్మిది మీటర్ల దాకా ఉంటుంది. అప్పుడు ఎపర్చర్‌ని పూర్తిగా తెరిచేసి ఆ వెలుతురంతా షట్టర్‌కి ఇవ్వాలి. మాను ఊగుతుంది, జనం అరటిపళ్లు విసురుతుంటారు, సాయంత్రం వెలుతురు పడిపోతుంటుంది. 1/500 లేకపోతే పళ్లు గీతల్లా వస్తాయి. తేలినీలాపురంలో కొంగల్ని, గూడబాతుల్ని తీసేటప్పుడూ ఇంతే: ఎపర్చర్ పూర్తిగా తెరువు, షట్టర్ పెంచు, చెట్ల దగ్గరికి మాత్రం వెళ్లకు.

ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ఉండగా ఇదంతా ఎందుకని మీ ఫ్రెండ్స్ అంటున్నారని కూడా రాశావు. ఫోన్ మెయిన్ కెమెరా లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ ఐదారు ఎంఎం ఉంటుంది. 1.8 అని రాసి ఉన్నా, భాగిస్తే రంధ్రం మూడు మిల్లీమీటర్లు. నీ లెన్స్‌లో అదే 28. అందుకే ఫోన్ బ్లర్‌ని లెక్కలు కట్టి తర్వాత అతికిస్తుంది. చాలావరకు బాగానే అతికిస్తుంది, కానీ జడలో మల్లెపూలు, గాలికి లేచిన వెంట్రుకలు, కళ్లజోడు అంచులు ఇలాంటి చోట్ల తప్పుతుంది. నీ లెన్స్‌కి ఆ ఇబ్బంది లేదు.

ఈ ఆదివారం ఒక గంట ఇలా చెయ్యి. మీ ఇంటి అరుగు మీద ఐదు గ్లాసులు పెట్టు, ఒకదాని వెనక ఒకటి, ఒక్కొక్కటి జానెడు దూరంలో, కాస్త పక్కకి జరుపుకుంటూ, అన్నీ కనపడేలా. స్టూలు మీద పుస్తకాలు పేర్చి వాటిమీద కెమెరా పెట్టు, మధ్య గ్లాసు నుంచి మీటరు దూరంలో. ‘A’ మోడ్ (ఎపర్చర్ నువ్వు పెడితే షట్టర్ కెమెరాయే పెట్టుకునేది), ఐఎస్ఓ ఆటో, రెండు సెకన్ల టైమర్. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని మధ్య గ్లాసు అంచుమీద పెట్టు. 1.8, 2.8, 4, 5.6, 8, 11 వరసగా తియ్యి. తర్వాత స్టూలు రెండు మీటర్లకి జరిపి మళ్లీ అన్నీ తియ్యి. కంప్యూటర్లో వేసుకుని పూర్తి సైజులో పెంచి, ఎన్ని గ్లాసుల అంచులు స్పష్టంగా ఉన్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో. నువ్వు అడిగిన పట్టిక అదే, నీ లెన్స్‌ది, నీ చేత్తో రాసుకున్నది.

మామ్మగారి ఫోటో మాత్రం మళ్లీ తియ్యి, వచ్చేవారం దాకా ఆగకు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య వీధి తలుపు తీసి, గుమ్మానికి రెండడుగులు లోపల పీట వేసి కూర్చోబెట్టు. ముఖం వీధి వైపు, ఎండ నేరుగా పడకూడదు, వెలుతురు మాత్రం పడాలి. వెనక గోడ ఆవిడకి దగ్గరగా ఉండకూడదు, ఇల్లు పొడుగ్గా వెనక పెరటిదాకా కనిపిస్తే ఇంకా మంచిది. గోడకి ఆనుకుని కూర్చుంటే 1.8లో కూడా గోడమీద గీతలు కనిపిస్తాయి. వెనక నాలుగైదు మీటర్లు ఖాళీ ఉంటే ఎఫ్ 4లోనే అంతా కరిగిపోతుంది. 50 ఎంఎం వేసి మీటరున్నర దూరంలో, నువ్వు కూడా కింద కూర్చుని, కెమెరా ఆవిడ కళ్ల ఎత్తులో ఉంచి, ఎఫ్ 4 పెట్టు. లోతు 14 సెంటీమీటర్లు వస్తుంది. ఫోకస్ పాయింట్ నీకు దగ్గరగా ఉన్న కంటిమీద పెట్టు. ముందు ముక్కు కొస, వెనక చెంప, చెవి దాకా దాదాపు అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఆవిడతో మాట్లాడుతూ తియ్యి, ఒకటి కాదు, ఇరవై తియ్యి. పూర్తి సైజులో పెంచి చూసినప్పుడు కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి, నుదుటి ముడతల్లో బొట్టు రంగు ఇంకిన గీతలు కనిపించాలి. అవి కనిపించిన ఫోటోని ప్రింట్ వేయించి ముందు ఆవిడ చేతిలో పెట్టు.